శుక్రవారం అంకెలు

నవ్వుకోండి, నాకేం బాధ లేదు. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలు ఫోనులో ఏం మాట్లాడుకుంటారో నాకు సరిగ్గా తెలియదు. మేం మాత్రం అంకెలు మాట్లాడుకున్నాం. "నాలుగు పాయింట్ ఏడు మూడు, రాసుకున్నావా?" "రాసుకున్నానండీ, తర్వాత?" "సున్నా పాయింట్ సున్నా ఎనిమిది." ఇదీ మా సరసం.

ఆయన గల్ఫులో పైపులు వేసే ఒక కంపెనీలో ఫిట్టరు. నేను అమలాపురంలో ఓ ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది కానీ సెల్‌ఫోన్లు ఇంకా మాలాంటి వాళ్ళ చేతుల్లోకి రాలేదు. అత్తగారిది ముమ్మిడివరం దాటాక ఒక పల్లె. రోజూ అక్కడి నుంచి బస్సులో వచ్చి వెళ్ళడం కుదరక, స్కూలుకి దగ్గర్లో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటా అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. పెళ్ళయ్యాక ఆయనతో కాపురం చేసింది ఆయన సెలవు ఉన్నంత కాలమే. గొంతు బాగానే గుర్తుండేది. నవ్వితే ముఖం ఎలా మారుతుందో గుర్తు తెచ్చుకోవాలంటే మాత్రం పెళ్ళి ఆల్బం తియ్యాల్సి వచ్చేది. అది నాకు భయంగా ఉండేది. ఎవరికైనా చెప్పుకుందామంటే, ఇదేం చోద్యమమ్మా అంటారేమోనని చెప్పలేదు.

ఫిట్టర్లకి పెళ్ళాన్ని తెచ్చుకునే వీసా ఇవ్వరు. సూపర్‌వైజరయితే ఇస్తారు. సూపర్‌వైజరు కావాలంటే ఇంటర్నెట్టులో నడిచే ఒక కోర్సు పాసవ్వాలని ఆ కంపెనీ నియమం. నీళ్ళ ఒత్తిడి, పైపుల కొలతలు, ట్యాంకుల ఘనపరిమాణాలు, అన్నీ లెక్కలే. వారం వారం హోంవర్కు, చివర్లో పరీక్ష. ఆ రెండిట్లో వచ్చిన మార్కులు కలిపి పాసు మార్కు దాటాలి. ఆయనకి అది ఉద్యోగంలో పై మెట్టు. నాకు మాత్రం, ఈ వాటాకి తాళం వేసి ఆయన దగ్గరికి పోవడమా, లేకపోతే ఒక్కదానికే గిన్నెడు అన్నం వండుకుని గోడవంక చూస్తూ తినడమా అన్నది ఆ కోర్సు మీద పడి ఉంది.

ఆయన ఉండే క్యాంపు ఊరికి చాలా దూరం, ఇసకలో. అక్కడ కంప్యూటరు లేదు. కార్డు పెట్టి మాట్లాడే టెలిఫోను ఒకటి ఉంది, దాని ముందు శుక్రవారం పూట పెద్ద వరస. ఇలాంటి క్యాంపుల్లో ఉన్నవాళ్ళ కోసం కంపెనీవాళ్ళే ఒక వెసులుబాటు ఇచ్చారు. లెక్క పనివాడే చెయ్యాలి, జవాబు మాత్రం ఇంటి దగ్గర ఎవరైనా టైపు చెయ్యొచ్చు. అందుకే హోంవర్కు పేజీ అడుగున ఒక చిన్న గడి ఉండేది. 'ఈ లెక్కలు నేనే చేశాను' అని అందులో టిక్కు పెడితే గానీ పేజీ ముందుకి కదలదు. ఆయన తరఫున ఆ టిక్కు పెట్టేది నేను.

ఒక శుక్రవారం ప్రశ్నలు చదివి వినిపించేదాన్ని. ఆయన వారమంతా డ్యూటీ దిగాక కూర్చుని చేసుకుని, తర్వాతి శుక్రవారం జవాబులు చెప్పేవారు. నేను టైపు చేసేదాన్ని. ఇదంతా గడియార స్తంభం దగ్గర సందులో ఒకావిడ నడిపే నెట్ సెంటర్లో. మొదట అది ఎస్టీడీ బూతు. ఆవిడ దానికి కాసిని కంప్యూటర్లు చేర్చింది. ఆ సందులో అందరికీ ఆవిడ పిన్నిగారే, నాకూ పిన్నిగారే. సాయంత్రం స్కూలు వదిలాక నేను వెళ్ళేసరికి నా కోసం గోడవారగా ఉన్న కంప్యూటరు ఖాళీగా ఉంచి, ఫోను మోగగానే "ఆయ్, టీచరు గారూ, దుబాయోరి లైనండీ!" అని కేకేసేది. మా ఆయన ఉన్నది దుబాయి కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి గల్ఫంతా దుబాయే.

ఆ బూతుకి నాలాంటి వాళ్ళు చాలామంది వచ్చేవారు. అద్దాల తలుపు వేసుకున్నా లోపలి మాటలు బయటికి వినపడేవి. ఒకామె పిల్లాడి జ్వరం సంగతి చెబుతూ ఏడ్చేది. ఇంకొకామె ఆడపడుచుని తిట్టి పోసేది. ఇంకో కొత్త పెళ్ళికూతురు ఫోను నోటికి ఆనించుకుని ఏదో గుసగుసలాడి, ఎర్రబడిన మొహంతో బయటికి వచ్చేది. వాళ్ళని చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది. దాచుకోవడం దేనికి? నాకు ఆయన కార్డు ఉన్నంత సేపూ దశాంశ స్థానాలే సరిపోయేవి. పిన్నిగారు ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. "ఏంటండీ టీచరు గారూ, మీ ఆయనతో ఎప్పుడూ ఆ ఎక్కాలేనా? అన్నం తిన్నారా అని అయినా అడగరేంటండీ?" నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికి వెళ్ళాక నవ్వు రాలేదు.

ఇక ఆ మిషను. దాని తల్లి కడుపు చల్లగా, అంత మొండిదాన్ని నేను నా క్లాసులో కూడా చూడలేదు. మొదటివారం ఒత్తిడి లెక్కకి ఆయన లక్షా పాతికవేలు అని చెప్పారు. చిన్నప్పటి నుంచీ అలవాటైన ప్రకారం ఒకటి, కామా, రెండు అయిదు, కామా, మూడు సున్నాలు కొట్టాను. ఎర్రటి అక్షరాల్లో తప్పు అంది. కామా ఎక్కడ పెట్టాలో దాని లెక్క దానిది, మన లక్షలు దానికి తెలియవు. కామాలు తీసేస్తే ఒప్పు అంది. ఇంకోసారి జవాబు పక్కన కిలోలని రాశాను. అదీ తప్పే. మా స్కూల్లో అయితే ప్రమాణం రాయనివాడికి నేనే అరమార్కు కోస్తాను. ఇక్కడ రాస్తే మొత్తం కోసేసింది. మూడు బై నాలుగు అని కొడితే పట్టించుకోదు, సున్నా పాయింట్ ఏడు అయిదు అనాలి. ప్రశ్న ప్రశ్నకీ ఇచ్చేవి మూడే అవకాశాలు. అవి అయిపోతే గడి బూడిద రంగులోకి మారిపోయి, ఇక మనం ఏం కొట్టినా పలకదు.

నేను పేపర్లు దిద్దేటప్పుడు చివర్లో ఎక్కడో కూడిక తప్పినా, పై మెట్లు సరిగ్గా ఉంటే మెట్టు మెట్టుకీ మార్కులు వేసేదాన్ని. పిల్ల ఎంత దూరం సరిగ్గా నడిచిందో చూడొద్దా మరి? ఈ మిషనుకి దారి అక్కర్లేదు, ఆఖరి అంకె కావాలి. ఆయన పగలంతా ఎండలో పైపులు మోసి, బంకు మంచం మీద కూర్చుని రెండు కాగితాల నిండా చేసిన లెక్క, నా ముందు ఒక చిన్న గడిలో నాలుగంకెలై కూర్చునేది. దాన్ని ఒక్క ఎర్ర గీతతో కొట్టేస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అలా మండిన ఒక శుక్రవారం ఒక పని చేశాను. ఆయన చెప్పిన జవాబు ఒకటి చూడగానే అర్థమైంది, తీసివేతలో అప్పు తేవడం మర్చిపోయారు. ఫోను పెట్టేశాక నేనే సరిచేసి కొట్టాను. ఒప్పు. తర్వాతివారం గొప్పగా చెప్పాను.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు," అన్నారు.

"చిన్న తప్పేగా అండీ."

"చిన్నదే. ఇక్కడ ఇలాంటి చిన్న తప్పుకే ఒకడి చెయ్యి పోయింది. లెక్క రానోడు సూపర్‌వైజరుగా నిలబడి, పైపు తట్టుకోలేనంత ఒత్తిడితో నీళ్ళు వదిలించేడు. రేపు నేను నిలబడినప్పుడు నువ్వు పక్కనుండి సరిచేస్తావా? తప్పయితే నాకు తప్పని తెలియాలి. నేనేం చెప్తే అదే కొట్టు. మాటియ్యి."

ఇచ్చాను. కోపంగానే ఇచ్చాను. ఇంత దూరాన ఉండి ఆయన నా మీద కోప్పడడం అదే మొదటిసారి. చిత్రమేమిటంటే, ఆ రాత్రి అన్నం కాస్త రుచిగా తిన్నాను. ఒక మనిషి నన్ను కసిరాడు, అంటే నాకంటూ ఒక మనిషి ఉన్నాడు.

వానాకాలం వచ్చేసరికి ఒక వింత మొదలైంది. దారి తప్పు లేదు, కూడికలు తప్పు లేదు, కామాలు లేవు, ప్రమాణాలు లేవు, అయినా కొన్ని జవాబులు తప్పంటోంది. నేను విడిగా కాగితం మీద చేసి చూసినా ఆయన చెప్పిందే వస్తోంది. పోనీ అన్నీ తప్పా అంటే కాదు. ఆరు సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న పైపు ఒప్పుకుంది, పన్నెండు సెంటీమీటర్లది ఒప్పుకోలేదు. పిచ్చెక్కిపోయింది. మార్కులు జారిపోతున్నాయి. ఆయన ఫోనులో "నాకిక రాదేమోలే" అని ఒకసారి తేలిగ్గా అనేశారు. ఆ వారమంతా వాన. కరెంటు లేని సాయంత్రాలు కిరోసిన్ దీపం పెట్టుకుని అవే లెక్కలు మళ్ళీ మళ్ళీ చేశాను. పక్కవాటా వాళ్ళు తలుపులు మూసుకుని నవ్వుకుంటుంటే వినపడేది. మాట్లాడడానికి మనిషి లేక, పెన్సిలుతో పోట్లాడుకునేదాన్ని.

సంగతి క్లాసులో బయటపడింది. తొమ్మిదో తరగతికి వృత్తాలు చెబుతున్నాను. 'పై విలువ ఇరవై రెండు బై ఏడు' అని బోర్డు మీద రాసి, పుస్తకంలో లెక్కలు వరసగా ఇస్తూ పోయాను. వ్యాసార్థం ఏడు, వ్యాసార్థం పద్నాలుగు, వ్యాసార్థం ఇరవై ఒకటి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని అనుమానం అప్పుడొచ్చింది. మన పుస్తకాల్లో చక్రాలన్నీ, బావులన్నీ ఏడో ఎక్కంలోనే ఎందుకుంటాయి? ఏడు కొట్టేసుకుపోయి లెక్క సుఖంగా తెగడానికి. అంటే ఇరవై రెండు బై ఏడు అసలు విలువ కాదు, దానికి దగ్గరి విలువ. ఆ ముక్క నేనే ప్రతి ఏడాదీ పిల్లలకి చెబుతాను, 'సుమారుగా' అని. చెప్పి మర్చిపోతాను. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు నాకేదో అయిందనుకున్నారు.

సాయంత్రం పరుగున నెట్ సెంటరుకి పోయి, కంప్యూటర్లో ఉన్న కాలిక్యులేటరు తీసి, 'పై' గుర్తున్న మీట నొక్కి చూశాను. పన్నెండు వ్యాసార్థానికి మా జవాబు నాలుగువందల యాభై రెండు పాయింట్ ఆరు. అసలుది పాయింట్ నాలుగు. ఆరు వ్యాసార్థానికి ఎలా చేసినా నూట పదమూడు పాయింట్ ఒకటే, అందుకే అది తప్పించుకుంది. మేమిద్దరం వేరు వేరు ఊళ్ళలో, వేరు వేరు మేష్టార్ల దగ్గర చదువుకున్నాం. ఇద్దరి చేతికీ అదే అలవాటు. నేను సరిచూసినప్పుడల్లా అదే తప్పుని మళ్ళీ చేసి, ఒప్పని ధైర్యం చెప్పుకున్నాను.

శుక్రవారం ఈ సంగతి చెప్పగానే ఆయన ఫోనులో పెద్దగా నవ్వారు. "ఓరి దీని దుంపతెగ! చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నానే దీన్ని!" అన్నారు. నేనూ నవ్వాను. బూతు బయట పిన్నిగారు తలుపు తీసి మరీ చూసింది. నవ్వులో ఒక కార్డు సగం అయిపోయింది. ఆ నవ్వు కోసం ఇంకో ఇరవై తప్పులైనా భరించేదాన్ని.

అప్పటి నుంచి ఆయన మూడు పాయింట్ ఒకటి నాలుగు ఒకటి ఆరు వేసి చేశారు, మార్కులు లేచాయి. పరీక్ష దగ్గరపడేసరికి అందుకోగలిగినంత దూరంలోకి వచ్చింది పాసు మార్కు. నేను సూట్‌కేసు కొనలేదు కానీ, కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా చూసుకునేదాన్ని. అత్తగారు కూడా మురమళ్ళలో స్వామివారికి కల్యాణం చేయిస్తానని మొక్కుకుంది.

పరీక్ష కూడా శుక్రవారమే. ప్రశ్నలు మధ్యాహ్నం తెరుచుకుని సాయంత్రానికి మూసుకుపోతాయి. ఒక్కోదానికి ఒకే అవకాశం, రెండోసారి లేదు. నేను సెలవు పెట్టాను. ఆ రోజుకి పిన్నిగారు బూతులో ఫోను తీగ లాగి నా కంప్యూటరు పక్కన పెట్టింది. మధ్యాహ్నం ఆయన ఫోను చేస్తే ప్రశ్నలన్నీ చదివాను. ఆయన క్యాంపులో కూర్చుని చేసుకుని, సాయంత్రం రెండో కార్డుతో మళ్ళీ ఫోను చేశారు. ఒక్కొక్కటే చెబుతున్నారు, ఒక్కొక్కటే కొడుతున్నాను. కొట్టిన వెంటనే ఒప్పో తప్పో తెలిసిపోతోంది, మార్కుల మొత్తం పక్కన పెరుగుతోంది. ఒకటి రెండు పోయాయి. చివరి లెక్క దగ్గరికి వచ్చేసరికి అది సరిపోతే పాసు, లేకపోతే లేదు. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు.

చివరిది, నలభై రెండు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు అడ్డుకోత వైశాల్యం. నాలుగంకెల వరకూ చెప్పాలి.

"పదమూడువందల ఎనభై ఆరు," అన్నారు ఆయన హుషారుగా. "అయిపోయిందమ్మా! ఇక..."

లైను తెగింది. కార్డు అయిపోయింది.

నేను "ఏవండీ, ఆగండి" అంటూనే ఉన్నాను, ఖాళీ ఫోనులోకి. నలభై రెండులో సగం ఇరవై ఒకటి. ఇరవై ఒకటి చూడగానే ఆయన చేతికి పూర్వజన్మ గుర్తొచ్చింది. ఏడు కొట్టేసుకుపోయి, సమంగా పగిలిన కొబ్బరికాయలా పదమూడువందల ఎనభై ఆరు వచ్చి కూర్చుంది. అసలు జవాబు ఎనభై అయిదు. మళ్ళీ నేను ఫోను చేద్దామంటే ఆ క్యాంపు ఫోనుకి బయటి నుంచి పిలుపు వెళ్ళదు.

"ఏమైందండీ, అలా ఉండిపోయేరు?" అని పిన్నిగారు వచ్చింది. చెప్పాను. ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మీకు తెలిసిందిగా! ఆ ఒక్క అంకె మార్చి కొట్టండమ్మా. ఎవడు చూడొచ్చేడు? మొగుడి దగ్గరికి పోతారా, ఇక్కడ నా కంప్యూటరు తుడుస్తా కూర్చుంటారా?"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఎనభై అయిదు కొట్టాను. గడిలో ముద్దుగా ఉంది. పేజీ అడుగున ఆ టిక్కు గడి, 'ఈ లెక్కలు నేనే చేశాను'. అంకె చెరిపేశాను. ఎనభై ఆరు కొట్టాను. మళ్ళీ చెరిపేశాను. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మాట తీసుకున్న మనిషి జాగ్రత్తగా చెయ్యొద్దా? నా మీద నాకు ఏడుపొచ్చింది. ఇదేదో ధర్మరాజు బుద్ధి అనుకోకండి. ఆయనకీ నాకూ మధ్య ఏముంది అప్పటికి? కలిసి ఒక పండగ చేసుకున్నది లేదు, ఒక సంసారం పోట్లాట లేదు, ఒక కంచం పొత్తు లేదు. ఉన్నదల్లా ఆయన అడిగితే నేనిచ్చిన ఒక్క మాట. అది కూడా ఆయన వెనక తీసి పారేస్తే, నాకు మొగుడంటూ ఉన్నాడని నేనెలా నమ్మాలి?

ఎనభై ఆరు కొట్టి టిక్కు పెట్టి నొక్కాను. ఎర్రగా వచ్చింది. మొత్తం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఆ కోర్సులో చేరాలంటే వచ్చే ఏడాదే. పిన్నిగారు కంప్యూటరు కట్టేసింది. ఆ రోజు నా దగ్గర డబ్బులు తీసుకోలేదు.

తర్వాతి శుక్రవారం బూతులో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఫోను మోగింది.

"ఏమైంది?"

"పోయిందండీ. ఆఖరిది."

"ఇరవై రెండు బై ఏడు వేసేనా?" అని అడిగారు.

"వేసేరు."

"నీకు అప్పుడే తెలిసిందా?"

"తెలిసింది."

"మరి మార్చలేదా?"

"మీరు మార్చొద్దన్నారుగా."

అవతల వరసలో ఎవరో తొందరపెడుతున్నారు. "మార్చెయ్యాల్సింది," అన్నారు ఆయన. "ఈ ఒక్కసారికీ మార్చెయ్యాల్సింది కదే..." ఏడుస్తున్నారు. అంత మంది ముందర, ఫోను పట్టుకుని, మా ఆయన ఏడుస్తున్నారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ఫోనులో ఏం చెయ్యాలో తెలియలేదు.

"పరీక్ష అయిన మర్నాడే టౌనుకి బండి వెళ్తుంటే ఎక్కేను," అన్నారు కాసేపటికి. "పాసైపోయేననే అనుకున్నాను. మనకి గది చూసొచ్చేను. చిన్నదే. కిటికీ ఉంది."

నేను ముక్కు తుడుచుకుని, "ఎటువైపండీ కిటికీ?" అని అడిగాను.

"తూర్పు."

"మంచం ఎటు వెయ్యొచ్చు?"

చెప్పారు. పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, సాయంత్రం పూట గాలి వస్తుందా, పక్కన ఎవరుంటారు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. ఆయన ఒక్కొక్కటే చెబుతూ పోయారు. కార్డు అయిపోయేదాకా మేమిద్దరం ఆ గదిలో కాపురం చేశాం.